ఫంక్షన్ హాలుకు స్క్రబ్బర్ మెషిన్: ఎలాంటిది తీసుకోవాలి?

ప్రశ్న (ఒంగోలు): మాది కల్యాణ మండపం. భోజనాల హాలు 8,000 చదరపు అడుగులు, నున్నటి చీమకుర్తి గ్రానైట్. పెళ్లి భోజనాలయ్యాక ఎంత తుడిచినా సాంబారు, నూనె జిడ్డు పోవట్లేదు. నేలను బ్రష్‌తో రుద్ది, మురికి నీళ్లు పీల్చేసే స్క్రబ్బర్ మెషిన్, అందులోనూ ఎక్కి నడిపేది తీసుకోమంటున్నారు. నిజంగా అవసరమా?

జవాబు (నెల్లూరు): అంత హాలుకు ఎక్కి నడిపేది దండగ అన్నా, స్తంభాల మధ్య మలుపు తిరగడం కష్టం. 20 అంగుళాల బ్రష్ ఉండి, వెనక నడుస్తూ నెట్టేది చాలు. నీళ్లు పట్టడం, పారబోయడం కలుపుకొని గంటా గంటన్నరలో అయిపోతుంది. వైరుది చౌకే, కానీ తడి నేల మీద వైరు ఈడ్చుకుంటూ తిరగడం నాకు నచ్చదు. బ్యాటరీదే చూడండి. డెమో షోరూములో వద్దు, మీ హాల్లోనే, విస్తర్లు ఎత్తిన వెంటనే చేయించుకోండి. బ్రష్ బదులు బిగించే గుండ్రటి ప్యాడ్‌లలో రోజువారీకి ఎర్రది వాడండి. నల్లది గరుకు, పాలిష్ పోతుంది. మూలలకు మాత్రం మాప్ కర్ర తప్పదు.

ప్రశ్న (కావలి): మా దగ్గర మెషిన్ ఉంది. వెనక నీళ్ల చార వదులుతోంది. వ్యాక్యూమ్ మోటారు మార్చాలంటున్నారు.

జవాబు (నెల్లూరు): డబ్బులు పెట్టే ముందు వెనకున్న రబ్బరు బ్లేడు విప్పి చూడండి. చాలాసార్లు ఒక్క మెతుకో, పూలదండ దారమో ఇరుక్కుని ఉంటుంది. అందుకే ముందు చీపురుతో ఊడ్చాకే మెషిన్ దించాలి. బ్లేడు అంచు వేలితో తడిమితే పదునుగా తగలాలి. గుండ్రంగా అరిగితే తిప్పి బిగించండి, చాలా బ్లేడ్లకు నాలుగు అంచులూ పనికొస్తాయి. అప్పటికీ నీళ్లు లాగకపోతే గొట్టంలో చెత్త, మురుగు ట్యాంకు మూత రబ్బరు చూడండి. బట్టల సబ్బు పొడి పోస్తున్నారా? నురగ పొంగి మోటారులోకి వెళ్తే అప్పుడు నిజంగానే మార్చాలి. నురగ తక్కువొచ్చే లిక్విడే పోయండి. యాసిడ్ జోలికి పోవద్దు.

ప్రశ్న (ఒంగోలు): మరి బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది?

జవాబు (నెల్లూరు): అది మీ వాళ్ల చేతిలో ఉంది. పని కాగానే ఫుల్ ఛార్జింగ్ పెట్టాలి. నీళ్లు పోసే రకమైతే ఛార్జింగ్ అయ్యాక డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు కాదు. అసలు బ్యాటరీలు చచ్చేది ఆషాఢంలో, మూఢాల్లో. పెళ్లిళ్లు లేవని మూలన పడేస్తారు. అప్పుడు కూడా నెలకోసారి ఛార్జింగ్ పెట్టించండి. ట్యాంకులు కడిగి మూతలు తెరిచి ఉంచండి, లేకపోతే కంపు. బ్రష్, బ్లేడు నేలకు ఆనకుండా పైకెత్తి పెట్టండి.