షాడో టీచర్‌ను పెట్టుకుంటేనే ఒకటో తరగతి అంటున్నారు: ఈ షరతుకు ఒప్పుకోవాలా?

మియాపూర్ అమ్మ (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. మా బాబుకు ఆరేళ్లు నిండాయి. ఆటిజంతో పాటు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) కూడా ఉందని డాక్టరు గారు నిర్ధారించారు. నగరంలోని ఒక ప్రైవేటు బడిలో యూకేజీ చదువుతున్నాడు. తెలుగు, ఇంగ్లిషు అక్షరాలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే వచ్చాయి. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో స్టేషన్ల పేర్లు వరుస తప్పకుండా చెబుతాడు. అయితే బెల్లు మోగితే చెవులు మూసుకొని బల్ల కిందకు దూరుతాడు, ఒక పని మీద కొద్ది నిమిషాలకు మించి కూర్చోలేడు, కొత్త టీచరు వస్తే ఆ పూటంతా లోపలికి రాడు. మొన్న బడివారు మమ్మల్ని పిలిపించి, జూన్‌లో ఒకటో తరగతికి పంపాలంటే మా ఖర్చుతో షాడో టీచర్‌ను, అంటే తరగతిలో బాబు ఒక్కడి పక్కనే ఉండి సాయపడే మనిషిని, పెట్టుకోవాలనీ, కుదరకపోతే "బాబుకు సరిపడే బడి" చూసుకోవడం మేలనీ నోటిమాటగా చెప్పారు. కాగితం మీద ఏమీ ఇవ్వలేదు. షాడోకు ఇవ్వవలసిన జీతం మా ఇంటి అద్దె కంటే ఎక్కువ. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఖర్చులు దానికి అదనం. మావారు ఒక్క ఏడాది ఓర్చుకుందామంటున్నారు, అత్తగారు బడి మార్చేయమంటున్నారు. అసలు ఇలా అడిగే హక్కు బడికి ఉందా, ఉన్నా లేకపోయినా బాబుకు షాడో వల్ల మేలు జరుగుతుందా అన్న రెండు ప్రశ్నలకూ మీ అభిప్రాయాలు కావాలి.

ప్రైమరీ కోఆర్డినేటర్, ఎల్బీ నగర్

నేను ప్రైవేటు బడిలో పనిచేస్తున్నాను కనుక నా మాట కొందరికి రుచించకపోవచ్చు. ఒక సెక్షన్‌లో నలభై మంది దాకా పిల్లలు, ఒక టీచరు, రెండు మూడు తరగతులకు కలిపి ఒక ఆయమ్మ ఉండే చోట, ఒక బిడ్డ హఠాత్తుగా లేచి మెట్ల వైపు పరుగెత్తితే ఆ టీచరు మిగతా పిల్లలను వదిలి వెళ్లాలా, వెళ్లకుండా ఊరుకోవాలా? బిడ్డకు దెబ్బ తగిలితే అదే తల్లిదండ్రులు మమ్మల్నే నిలదీస్తారు, నిలదీయాలి కూడా. షాడోను అడగడం వెనుక ప్రతిసారీ పిల్లవాణ్ని వదిలించుకునే ఉద్దేశమే ఉందనుకోవడం న్యాయం కాదు. ఆ ఖర్చును బడే భరించాలంటే అది చివరకు అందరి ఫీజులోకే చేరుతుంది. అప్పుడు మిగతా తల్లిదండ్రులు ఏమంటారో పేరెంట్స్ మీటింగులో కూర్చున్నవారికి తెలుసు. అయితే నోటిమాటగా చెప్పి పంపడం మాత్రం పద్ధతి కాదని ఒప్పుకుంటాను.

ఉప్పల్ నాన్న

కోఆర్డినేటర్ గారు చెప్పిన ఇబ్బంది నిజమే కావచ్చు, కానీ ఇబ్బంది ఉన్నంత మాత్రాన షరతు చట్టబద్ధమైపోదు. మా అమ్మాయి విషయంలో ఇదే పేచీ వచ్చినప్పుడు చట్టాలను స్వయంగా చదివాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. అందులో పేర్కొన్న 21 వైకల్యాలలో ఆటిజం ఉంది. ఏడీహెచ్‌డీ ఆ జాబితాలో విడిగా లేదు. అందుచేత ఏకాగ్రత సమస్య ఒక్కటే ఉన్న పిల్లలకు వైకల్య ధ్రువపత్రం దొరకడం కష్టమవుతుంది, మీ బాబు విషయంలో మాత్రం ఆటిజం పేరు మీదే అడగవచ్చు. ప్రభుత్వ నిధులు పొందే బడులే కాక ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు కూడా ఇలాంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలనీ, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి సహేతుకమైన వెసులుబాట్లు కల్పించాలనీ, విడిగా కావలసిన సహాయం అందించాలనీ 16వ సెక్షన్ చెబుతోంది. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్నట్లు ధ్రువీకరణ జరిగితే, 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరలోని బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కు 31వ సెక్షన్ కింద వస్తుంది.

రెండోది విద్యాహక్కు చట్టం. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు బడి నుంచి ఏ బిడ్డనూ తీసివేయకూడదని దాని 16వ సెక్షన్ అంటోంది. 2019 సవరణ తర్వాత కూడా ఆ నిషేధం అలాగే ఉంది. ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఆ రక్షణ ఒకటో తరగతి నుంచే మొదలవుతుంది కాబట్టి యూకేజీకి అది లేదు, అందుకే చాలా బడులు ఒకటో తరగతి గుమ్మం దగ్గరే ఇలాంటి మాట ఎత్తుతాయి. రెండో మెలిక మరీ తక్కువమందికి తెలుసు: మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. మన నగరంలో పేరున్న బడులు ఎన్ని మిషనరీల చేతుల్లో ఉన్నాయో తెలిసిందే కదా. ముందు మీ బడి ఏ కోవలోకి వస్తుందో కనుక్కోండి. అయితే మొదట చెప్పిన 2016 చట్టంలో అటువంటి మినహాయింపు లేదు.

ఇక అసలు విషయం. షాడో టీచర్ అనే వ్యవస్థ ఈ రెండు చట్టాలలో ఎక్కడా కనిపించదు. లేని వ్యవస్థను పెట్టి, దాని ఖర్చును తల్లిదండ్రుల మీద వేసి, దాన్ని ప్రవేశానికి షరతుగా మార్చడాన్ని ఏ సెక్షన్ సమర్థిస్తుందో బడివారినే అడగండి. నా సలహా ఒప్పుకోవద్దనే.

స్పెషల్ ఎడ్యుకేటర్, సికింద్రాబాద్

ఉప్పల్ నాన్న గారు చట్టం సరిగ్గానే చెప్పారు, కానీ తల్లిగారు అడిగిన రెండో ప్రశ్న అలాగే మిగిలిపోయింది. షాడో వల్ల మేలు జరుగుతుందా అన్నది జీతం ఎవరిస్తారన్న దాని కంటే, ఆ మనిషి తరగతిలో ఏం చేస్తారన్న దాని మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

నేను చూసిన ఒక తరగతి గురించి చెబుతాను. టీచరు "అందరూ పేరు రాయండి" అనగానే, పక్కన కూర్చున్న షాడో బాబు చేతిలోని పెన్సిల్‌ను తన చేత్తో పట్టుకొని పేరు రాయించేసింది. ఆ బాబు అప్పటికే తన పేరు రాయగలడు. టీచరు మాట వినడానికి ఒక్క అరనిమిషం కావాలంతే, ఆ అరనిమిషమే వాడికి దక్కలేదు. వర్క్‌షీటు నీటుగా ఇంటికి వెళ్లింది, అమ్మానాన్నలు సంతోషించారు. ఏడాది గడిచేసరికి ఆ బాబు టీచరు ముఖం వైపు చూడడమే మానేశాడు, టీచరూ వాడికి ఏదైనా చెప్పాలంటే షాడోకే చెప్పడం అలవాటు చేసుకున్నారు. తోటి పిల్లలు కూడా ఆ పెద్దమనిషిని దాటుకొని వచ్చి వాడితో ఆడరు. నగరంలో షాడోలుగా వస్తున్నవారిలో చాలామందికి శిక్షణ ఉండదు. స్పెషల్ ఎడ్యుకేటర్లను నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టరులో నంబరు ఉందా అని అడిగితే మొహం చిట్లించేవారే ఎక్కువ.

ఇంకొక చిక్కుంది. 2013లో వైద్యుల మార్గదర్శక గ్రంథం మారే వరకు ఒకే బిడ్డకు ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయని రాయడానికి వీల్లేదు. అందుకే ఇప్పటికీ చాలామంది ఏదో ఒకదాని పద్ధతినే పట్టుకుంటారు. ఆటిజం ఉన్న బిడ్డకు రోజూ ఒకే వరుస, ఒకే చోటు ఊరటనిస్తాయి. ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డ అదే పనిని మళ్లీ మళ్లీ చేయమంటే విసుగెత్తి లేచిపోతాడు. రెండూ ఉన్నప్పుడు రోజు వరుసను మార్చకుండా ఉంచి, ఒక్కొక్క పని లోపల మాత్రం మార్పు చూపించాలి. పది లెక్కల వర్క్‌షీటును రెండుగా కత్తిరించి, మొదటి ఐదూ అయ్యాక డస్టరు తెమ్మనో, డైరీలు పంచమనో పంపితే, వాడు లేవడం తప్పుగా కాక పనిగా మారుతుంది. ఆనాటి వరుసను బొమ్మలతో బల్ల మీద అంటించడం, బెల్లు మోగడానికి కాస్త ముందు చెప్పడం, బెల్లుకు దూరంగా ఉన్న గదినో మూలనో ఇవ్వడం, కిటికీకీ తలుపుకూ ఎడంగా టీచరుకు దగ్గరగా కూర్చోబెట్టడం వంటివి చేయడానికి జీతం ఇచ్చే మనిషి అక్కర్లేదు. ముందు వీటిని ఆరు వారాలు చేసి చూడమని అడగండి.

అయినా షాడో కావలసిన పిల్లలుంటారు. రోడ్డు మీదకు పరుగెత్తేవారు, తమను తాము కొట్టుకునేవారు, మరుగుదొడ్డికి సాయం లేకుండా వెళ్లలేనివారు ఉన్న చోట పెద్దమనిషి అవసరమే, అక్కడ నేను కోఆర్డినేటర్ గారి వైపే నిలబడతాను. మియాపూర్ అమ్మగారు రాసిన దాన్ని బట్టి మీ బాబు పరుగెత్తే రకం కాదు, ఆగిపోయే రకం. ఆగిపోయే పిల్లవాడి పక్కన ఒక మనిషిని కూర్చోబెడితే ఆ ఆగిపోవడమే స్థిరపడుతుంది.

కూకట్‌పల్లి అమ్మ

మేడమ్ గారూ, మీ తరగతి ఉదాహరణ చదివి బాధేసింది, కానీ అందరి అనుభవం అది కాదు. మా అమ్మాయికి ఒకటో తరగతిలో షాడోగా వచ్చినావిడ డిగ్రీ లేని మనిషే. మొదట పక్కన కూర్చుంది, దసరా తర్వాత వెనుక వరుసకు మారింది, సంక్రాంతి తర్వాత వరండాలోకి వెళ్లిపోయింది. ఆ ఏడాది ఆమె లేకపోతే మా అమ్మాయి ఈ రోజు బడిలో ఉండేది కాదు. మేమే డబ్బు కట్టాం, అది అన్యాయమని అప్పుడూ తెలుసు. పోరాడి గెలిచేలోపు పాప చదువు పోతుందేమోనన్న భయం కూడా ఒక లెక్కే కదా. హక్కు కోసం కొట్లాడమని చెప్పేవారు ఆ భయాన్ని కూడా కలుపుకొని చెప్పాలి.

భవిత కేంద్రంలో పనిచేసే ఉపాధ్యాయుడు, రంగారెడ్డి జిల్లా

ప్రైవేటు బడి తప్ప దారి లేదన్నట్లు చర్చ నడుస్తోంది. సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం కింద మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి; ప్రత్యేక అవసరాల పిల్లలకు మా వంటి రిసోర్స్ ఉపాధ్యాయులు అక్కడ బోధిస్తూ, మామూలు బడులకు కూడా వెళ్లి చూసి వస్తారు. షాడోను పెట్టుకోమని మేమెవ్వరినీ అడగం. అలాగని గొప్పలు చెప్పను. ప్రత్యేక అవసరాల పిల్లలు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. ఆ పోస్టులను నోటిఫై చేయమని 2025లో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించవలసి వచ్చిందంటే పరిస్థితి మీకే అర్థమవుతుంది. తిరిగే ఊళ్లు ఎక్కువ, మనుషులం తక్కువ.

బడి మారినా మారకపోయినా ధ్రువపత్రం పని మాత్రం వాయిదా వేయకండి. దానికోసం ఆటిజం తీవ్రతను కొలిచే భారతీయ కొలమానం 40 అంశాలతో ఉంటుంది, దాన్ని తయారుచేసింది మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థే. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) చేతికి వస్తే కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తించే ఆ పథకంలో థెరపీ ఖర్చులకు కూడా చోటుంది.

ప్రైమరీ కోఆర్డినేటర్, ఎల్బీ నగర్

స్పెషల్ ఎడ్యుకేటర్ గారు చెప్పిన ఆరు వారాల పద్ధతికి నాకు అభ్యంతరం లేదు, అయితే వర్క్‌షీట్లు కత్తిరించే టీచరుకు ఆ సమయం ఎవరిస్తారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఉప్పల్ నాన్న గారికి ఒక్క మాట: సెక్షన్ల నంబర్లతో మొదలయ్యే ఉత్తరం అందిన రోజు నుంచి మేనేజ్‌మెంటు ఆ బిడ్డను బిడ్డగా చూడడం మానేసి కేసుగా చూస్తుంది. గెలిచిన తర్వాత కూడా రోజుకు ఆరేడు గంటలు ఆ పిల్లవాడు ఉండవలసింది మా టీచర్ల మధ్యనే.

ఉప్పల్ నాన్న

అందుకే మొదటి ఉత్తరంలో సెక్షన్లు రాయవద్దనే నేనూ చెబుతాను. సమావేశంలో జరిగిన మాటలను మర్యాదగా కాగితం మీద పెట్టి, "ఫలానా తేదీన మీరు ఇలా చెప్పారని మాకు అర్థమైంది, సరైనదేనా" అని అడిగితే చాలు. నోటితో అన్న షరతును రాసి సంతకం పెట్టడానికి చాలా బడులు వెనుకాడతాయి. జవాబు రాకపోతే డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) గారు, ఆ తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు. కానీ టీచరుకు సమయం లేదన్న కారణంతో ఒక కుటుంబం అద్దెకు మించిన జీతం కట్టాలనడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఆ సమయం ఇవ్వవలసింది మేనేజ్‌మెంటు.

మియాపూర్ అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. మావారితో కూర్చొని ఇవన్నీ చదివాను. షాడోకు ఇప్పుడే ఒప్పుకోము. ఆరు వారాల ప్రయత్నం అడుగుతూ ఉత్తరం రాస్తాం, దానితో పాటు ఆక్యుపేషనల్ థెరపిస్టు గారి రిపోర్టు జతచేస్తాం. ఆ తర్వాత కూడా మనిషి అవసరమని తేలితే, కూకట్‌పల్లి అమ్మగారు చెప్పినట్లు ఎప్పుడు వెనక్కు జరగాలో ముందే రాసుకున్న పద్ధతిలో, ఖర్చులో బడి వాటా కూడా ఉండేలా మాట్లాడతాం. ధ్రువపత్రానికి దరఖాస్తు ఈ వారమే పెడుతున్నాం. ఒక్క సందేహం: ఉత్తరం క్లాస్ టీచరుకు ఇవ్వాలా, నేరుగా ప్రిన్సిపాల్ గారికా? ఎప్పటిలోగా ఇస్తే మంచిది?

ప్రైమరీ కోఆర్డినేటర్, ఎల్బీ నగర్

ప్రిన్సిపాల్ గారి పేరునే రాసి ఆఫీసులో ఇవ్వండి, మీ ప్రతి మీద బడి ముద్ర వేయించుకోండి. క్లాస్ టీచరుకు ముందుగా ఒక మాట చెబితే ఆమె నొచ్చుకోరు. మా బడిలో ఒకటో తరగతి సెక్షన్ల విభజన వార్షిక పరీక్షల లోపే అయిపోతుంది, మీ బడిలోనూ ఇంచుమించు అదే కాలం కావచ్చు. అంతకు ముందే ఉత్తరం అందితే, ఓపిక ఉన్న టీచరు దగ్గర, బెల్లుకు దూరంగా ఉన్న గదిలో వేయమని అడిగే వీలుంటుంది. విభజన అయ్యాక సెక్షన్ మార్చడానికి ఏ బడీ సుముఖంగా ఉండదు.