పనామా కాలువ: కొలంబియాకు కట్టిన 2.5 కోట్ల డాలర్లు క్షమాపణ అవుతుందా?

నల్లరేగడి:
మా అబ్బాయి పరీక్షలకు చదువుతున్నాడు. నోట్స్‌లో అప్పటి అమెరికా అధ్యక్షులు ముగ్గురు ఇతర దేశాలతో ఎలా నడుచుకున్నారో చెప్తూ, రూజ్‌వెల్ట్‌ది పెద్ద కర్ర (బలం చూపించడం), టాఫ్ట్‌ది డాలర్లు (పెట్టుబడులు), విల్సన్‌ది నీతి అని మూడు గళ్ల పట్టిక ఉంది. ముగ్గురిలో ఎవరు నయం నాన్నా అంటే విల్సన్ అని చెప్పాను. 1903లో కాలువ కోసం రూజ్‌వెల్ట్ కొలంబియా నుంచి పనామాను విడగొట్టాడు. విల్సన్ ప్రభుత్వం 1914 ఏప్రిల్ 6న కొలంబియాతో ఒప్పందం చేసుకుని, జరిగినదానికి మనస్ఫూర్తిగా చింతిస్తున్నామని రాసి, 2.5 కోట్ల డాలర్లు ఇస్తామంది. పెద్ద దేశం చిన్న దేశానికి అంత మాట రాసివ్వడం మామూలు విషయం కాదు. మీరేమంటారు?

తూము_షట్టర్:
విడగొట్టాడు అనడమే తప్పండి. పనామావాళ్లు అంతకుముందు కూడా చాలాసార్లు తిరగబడ్డారు. కాలువ నేలకు అమెరికా కోటి డాలర్లు, పైన ఏటా 2.5 లక్షలు ఇచ్చేలా 1903 జనవరిలో కుదిరిన ఒప్పందం మీద కొలంబియా ప్రతినిధి సంతకం పెట్టాడు, ఆగస్టులో వాళ్ల సెనేటే దాన్ని కొట్టేసింది. అప్పటికే ఫ్రెంచివాళ్లు తవ్వబోయి మలేరియా, యెల్లో ఫీవర్‌తో సుమారు 20 వేల మందిని పోగొట్టుకుని చేతులెత్తేశారు. రూజ్‌వెల్ట్ అడుగు ముందుకు వేయకపోతే 1914 ఆగస్టులో ఓడలు ఆ కాలువ దాటేవి కావు. నేను ముప్పై ఏళ్లు కాలువల పనిలో ఉన్నవాణ్ణి, ఇలాంటి పని ఎవరో ఒకరు తెగించకపోతే ముందుకు కదలదు.

చిరుజల్లు:
రూజ్‌వెల్ట్‌కు 1906లో నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది కదా.

నల్లరేగడి:
అది రష్యా, జపాన్ యుద్ధం ఆపినందుకు వచ్చిందండి, పనామాకు దానితో సంబంధం లేదు.
తూము_షట్టర్ గారూ, వాళ్లే విడిపోయారంటున్నారు కదా, 1903 నవంబర్ 3న పనామాలోని కొలోన్ రేవులో ఏం జరిగిందో చూడండి. తిరుగుబాటు అణచడానికి కొలంబియా సైనికులు సుమారు 500 మంది ఓడ దిగారు. రైలు అమెరికా కంపెనీది. జనరళ్లను మాత్రం మర్యాదగా ఒక స్పెషల్ రైల్లో కూర్చోబెట్టి పనామా సిటీకి పంపేశారు, సైనికులకు పెట్టెలు లేవన్నారు. అక్కడ జనరళ్లు దిగాక అరెస్టయ్యారు. ఇక్కడ రేవులో ముందురోజే వచ్చిన అమెరికా యుద్ధనౌక నాష్‌విల్ నిలబడి ఉంది. మూడు రోజుల్లో అమెరికా కొత్త దేశాన్ని గుర్తించేసింది. దీన్ని వాళ్లే విడిపోవడం అంటారా?

తూము_షట్టర్:
సరే, మీ క్షమాపణ సంగతికే వద్దాం. ఆ 1914 ఒప్పందాన్ని అమెరికా సెనేట్ ఏళ్ల తరబడి పక్కన పెట్టింది. 1921లో ఆమోదించినప్పుడు చింతిస్తున్నాం అన్న మాట తీసేశారు, అప్పటికి విల్సన్ పదవిలోనూ లేడు. డబ్బు అందింది, ఆ మాట అందలేదు. అందని క్షమాపణ చూపించి విల్సన్‌ను మంచివాడంటే ఎలా? డబ్బు తీసుకున్నాక కొలంబియా బాకీ తీరిపోయింది. అక్కడితో సరి.

నల్లరేగడి:
మాట తీయించింది రూజ్‌వెల్ట్ మనుషులు. ఆ ఒప్పందాన్ని ఆయనే బ్లాక్‌మెయిల్ అని తిట్టాడు. విల్సన్ రాశాడా లేదా, అది చెప్పండి.

పాతపటం:
ఇద్దరూ ఒక్క మాట పట్టుకుని లాగుతున్నారు. కొలంబియాకు చింతిస్తున్నామని సంతకం పెట్టిన పదిహేను రోజులకు, అంటే 1914 ఏప్రిల్ 21న, అదే విల్సన్ మెక్సికోలోని వెరాక్రూజ్ రేవు మీదికి సైన్యాన్ని దింపాడు. గొడవ మొదలైంది మెక్సికోలోనే టాంపికో అనే రేవులో అక్కడి సైనికులు కొందరు అమెరికా నావికుల్ని పట్టుకోవడంతో. కాసేపటికే వదిలేసి సారీ కూడా చెప్పారు. అది చాలదు, మా జెండాకు 21 ఫిరంగుల వందనం చేయాలని అమెరికావాళ్లు పట్టుబట్టారు. ఆ డిసెంబర్‌లో హైతీ బ్యాంకులో 5 లక్షల డాలర్ల బంగారం అమెరికా మెరైన్లు (నౌకాదళ సైనికులు) ఓడెక్కించి న్యూయార్క్ తీసుకుపోయారు. మరుసటి ఏడు హైతీనే ఆక్రమించి 1934 దాకా కదల్లేదు. అక్కడి రైతుల చేత బలవంతంగా రోడ్లు వేయించారు. నీతి అన్న గడిలో ఇవి కూడా రాయించండి.

నల్లరేగడి:
హైతీ వేరే విషయం. నేనడిగింది పనామా గురించి.

తూము_షట్టర్:
మీరడిగింది ముగ్గురిలో ఎవరు నయం అని. పైనే ఉంది, మాట మార్చకండి. నా బాధేంటంటే, కాలువకు నేల ఇచ్చేవాళ్లు పరిహారం తీసుకుంటారు, ఆ తర్వాత మా మనసు నొచ్చింది అంటారు. మూడు కిలోమీటర్ల బిట్ దగ్గర నా పని పదకొండేళ్లు ఆగిపోయింది. చివరి ఆయకట్టు రైతులు ప్రతి ఏడూ ఎండిన వరి కంకులు పట్టుకుని మా ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాళ్లు. వాళ్లకు ఎవరు క్షమాపణ చెప్పారు?

చిరుజల్లు:
చర్చ పనామా దాటి మన కాలువల మీదికి వచ్చేసింది.

నల్లరేగడి:
రానివ్వండి. మా ఊరు ముంపులో పోయింది. చావడి గోడకు నోటీసు అంటించి వెళ్లిపోయారు. చదవడం రానివాళ్లే ఎక్కువ. మా నాన్న చెక్కు తీసుకుని ఆరు నెలలు ట్రంకు పెట్టెలో పెట్టాడు, బ్యాంకులో వేస్తే ఒప్పుకున్నట్టు అవుతుందని. చివరికి అక్క పెళ్లికి వేయక తప్పలేదు. చచ్చేదాకా ఒకటే అనేవాడు, ఒక్కడన్నా వచ్చి మంచం మీద కూర్చుని అడిగి ఉంటే నేనే ఇచ్చేవాణ్ణి కదరా అని. డబ్బు అందింది, అక్కడితో సరి అని మీరు ఎంత తేలిగ్గా రాశారండీ!

తూము_షట్టర్:
మీ నాన్నగారి గురించి కాదు నేనన్నది, బాధపెడితే ఏమీ అనుకోకండి. కానీ సూటిగా అడుగుతున్నాను. అడిగాక ఆయన ఇవ్వనంటే? కింద నీళ్ల కోసం చూసేవాళ్లు ఏం కావాలి? కొలంబియా ఇవ్వననే అంది.

నల్లరేగడి:
ఇవ్వనంటే మళ్లీ మాట్లాడాలి. పనామావాళ్లనైనా అడిగారా? నవంబర్ 18న వాళ్ల తరఫున సంతకం పెట్టింది బ్యునో-వరియా అనే ఫ్రెంచివాడు. పనామా ప్రతినిధులు ఆ రాత్రి వాషింగ్టన్ చేరేసరికి అంతా అయిపోయింది. పది మైళ్ల వెడల్పు నేల శాశ్వతంగా అమెరికా చేతికి పోయింది. 1964లో అక్కడి విద్యార్థులు తమ జెండా ఎగరేయడానికి వెళ్తే గొడవ జరిగి సుమారు 20 మంది పనామావాళ్లు చనిపోయారు. కాలువ వాళ్ల చేతికి వచ్చింది 1999 డిసెంబర్ 31న.

పాతపటం:
ఇది విల్సన్‌కూ తగులుతుంది కదండీ. కొలంబియాకు రాశాడు, పనామా ఒప్పందంలో ఆ శాశ్వతంగా అన్న మాటను ముట్టుకోలేదు.

నల్లరేగడి:
అవును. అది నేను ఆలోచించలేదు. అబ్బాయికి మళ్లీ చెప్పాలి.

తూము_షట్టర్:
శాశ్వతంగా అన్న షరతు అన్యాయమేనని నేనూ ఒప్పుకుంటాను. కాలువ తవ్వడం తప్పంటే మాత్రం ఒప్పుకోను.

నల్లరేగడి:
తవ్వడం తప్పని నేనెక్కడన్నానండీ? ఒకసారి పైకి వెళ్లి మళ్లీ చదవండి.