గంజాయి దుకాణాలపై నగర రుసుము, జరిమానా ఎంత ఉండాలి?

కాలిఫోర్నియాలో మేముంటున్న చిన్న నగరం గంజాయి దుకాణాలకు తొలిసారి అనుమతులివ్వబోతోంది. ముసాయిదాపై నివాసిగా నా అభిప్రాయం రాసి ఇవ్వదలిచాను కనుక, నగరపాలన, న్యాయ రంగాల్లో అనుభవమున్నవారు దయచేసి దారి చూపగలరు.

2016లో ఓటర్లు 64వ ప్రతిపాదనను ఆమోదించి పెద్దల వాడకాన్ని చట్టబద్ధం చేసినా, దుకాణాలను అనుమతించాలా వద్దా అన్న నిర్ణయం స్థానిక ప్రభుత్వాల చేతిలోనే ఉంది. అయితే 2010 నాటి 26వ ప్రతిపాదన ప్రకారం, నియంత్రణకు అయ్యే సహేతుకమైన ఖర్చును రుసుము మించితే అది పన్ను కిందకు వస్తుంది, పన్నుకు ఓటర్ల ఆమోదం కావాలి. దరఖాస్తుల పరిశీలనకు, యజమానుల నేరచరిత్ర విచారణకు, అగ్నిమాపక తనిఖీలకు సిబ్బంది వెచ్చించే గంటలను లెక్కగట్టడం సబబే. కానీ లైసెన్సు లేని దుకాణాలను మూయించే ఖర్చును కూడా లైసెన్సు తీసుకున్నవారి రుసుములోనే కలపవచ్చా? నియమాలు పాటించేవారిపై ఆ భారం మోపడం అన్యాయమని నా నమ్మకం.

జరిమానాల సంగతి మరింత చిక్కుగా ఉంది. లైసెన్సు లేకుండా వ్యాపారం చేస్తే ప్రతి రోజునూ వేరే ఉల్లంఘనగా లెక్కించి, ఒక్కోదానికి లైసెన్సు రుసుముకు మూడింతల దాకా వసూలు చేసే వీలు రాష్ట్ర చట్టంలో ఉంది. నగరం తన సొంత జరిమానాను దానికి అదనంగా విధించవచ్చా? మా ముసాయిదాలో దుకాణం పేరు బోర్డు కొలత తప్పినా, 21 ఏళ్లు నిండనివారికి అమ్మినా జరిమానా ఒకటే. తప్పు తీవ్రతను బట్టి అంచెలు పెట్టిన నగర శాసనాలు మీకు తెలిస్తే, వాటి పేర్లు చెప్పగలరా?