శిలీంధ్రాలు వదిలే వెసికిల్స్: మొక్క మీద ఆయుధమా, ఊరికే పారబోసిన చెత్తా?

మొలక22: పంటలకు తెగుళ్లు తెచ్చే శిలీంధ్రాలు కొవ్వు పొర చుట్టిన సూక్ష్మ సంచులను కణం బయటికి వదులుతాయి. వాటినే వెసికిల్స్ అంటారు. పండ్లు, కూరగాయలకు బూడిద రంగు బూజు తెచ్చే బోట్రైటిస్ శిలీంధ్రం తన చిన్న ఆర్‌ఎన్‌ఏలతో (జన్యువుల పని ఆపగల పొట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్కలు) మొక్క రక్షణ జన్యువుల నోరు నొక్కేస్తుందని కాలిఫోర్నియాలోని హైలింగ్ జిన్ ల్యాబ్ 2013లో చెప్పింది. ఆ ఆర్‌ఎన్‌ఏలు వెళ్లేది ఈ వెసికిల్స్‌లోనే అని 2023లో చూపించింది. అయినా మా క్లాసులో సగం మంది "అదంతా చెత్త, ఆయుధం కాదు" అంటున్నారు. ఎందుకు?

సెంట్రిఫ్యూజ్ బాబాయ్: ఆర్‌ఎన్‌ఏ మొక్కలోకి పోతుందన్న దాంతో నాకు పేచీ లేదమ్మా. ఏ బండెక్కి పోతుందన్నదే గొడవ. వెసికిల్స్‌ను వేరు చేయడానికి ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో 100000 జీ (భూమ్యాకర్షణకు లక్ష రెట్ల బలం) దగ్గర తిప్పితే గొట్టం అడుగున వెసికిల్స్ ఒక్కటే చేరవు, ప్రోటీన్లకు అంటుకున్న ఆర్‌ఎన్‌ఏ కూడా దిగుతుంది. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ రోజర్ ఇన్నెస్ బృందం, ల్యాబుల్లో పరిశోధనకు వాడే అరబిడాప్సిస్ మొక్క ఆకుల్లో కణాల మధ్య ఉండే ద్రవం తీసుకుంది. ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ప్రోటీన్లను కరిగించి, ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైమ్ కలిపితే చిన్న ఆర్‌ఎన్‌ఏ చాలావరకు మాయమైపోయింది (2022). సంచి లోపలే ఉండి ఉంటే పొర కాపాడాలి కదా?

మొలక22: అవి మొక్క వదిలినవండీ! శిలీంధ్రానివి కావు. బోట్రైటిస్ వెసికిల్స్‌లో పీఎల్ఎస్1 అనే ప్రోటీన్ ఉంది, ఆర్‌ఎన్‌ఏ చేరవేతకు అది కావాలి అని కూడా చూపించారు.

సెంట్రిఫ్యూజ్ బాబాయ్: మొక్కవే, ఒప్పుకుంటా. కానీ ఇద్దరూ మొదట సెంట్రిఫ్యూజ్‌లో తిప్పే వేరు చేశారు, కాబట్టి నా అనుమానం పోలేదు. ఇక పీఎల్ఎస్1 సంగతి. అది లేకపోతే బోట్రైటిస్ గాయం లేని ఆకులోకి చొరబడనే లేదని 2004 నుంచే తెలుసు. గడప దాటలేని దొంగ ఏమీ ఎత్తుకుపోలేదంటే, సంచి లేకే అని ఎలా అంటాం? పీఎల్ఎస్1 తీసేసిన ఆ ఒక్క మ్యూటెంట్‌లో (జన్యువు మార్చిన శిలీంధ్రంలో) తెగులు తగ్గిందని నాకు చూపించకండి.

నల్లరేగడి: మీరిద్దరూ ఆర్‌ఎన్‌ఏ దగ్గరే ఆగిపోయారు. పత్తికి ఎండు తెగులు తెచ్చే ఫ్యూసేరియం శిలీంధ్రం మీద ఆస్ట్రేలియాలో లా ట్రోబ్ యూనివర్సిటీ వాళ్లు 2020లో పని చేశారు. దాని వెసికిల్స్ ముద్ద ఊదా రంగులో ఉంది! నాఫ్తోక్వినోన్ జాతి రంగు పదార్థం. ఆ ముద్దను పత్తి బీజదళాల్లోకి ఎక్కిస్తే ఆ మేర కణజాలం దెబ్బతింది. చెత్త అయితే ఆకెందుకు మాడాలి?

సెంట్రిఫ్యూజ్ బాబాయ్: ఈ ఉదాహరణ గట్టిదే. విషం వెసికిల్‌లో ఉందన్నంత వరకు సరే. కానీ ఆ ఫ్యూసేరియం పెరిగింది ఫ్లాస్కులో, పోషక ద్రవంలో. అక్కడ చిక్కబరిచి సిరంజితో ఎక్కించిన మోతాదు, పొలంలో పత్తి వేరు దగ్గర అదే శిలీంధ్రం వదిలే మోతాదు ఒకటేనా? ఇంట్లో వాడే ఉప్పయినా గుప్పెడు పోస్తే మొక్క చస్తుంది.

పల్నాటి మిర్చి: ఈ పేచీ తేలితే మాకేం ఒరుగుతుంది సార్? ఆర్‌ఎన్‌ఏ స్ప్రే వస్తుందంటున్నారు, కాయకుళ్లుకు పనిచేస్తుందా?

మొలక22: అన్నా, స్ప్రేలోని ఆర్‌ఎన్‌ఏ శిలీంధ్రం జన్యువులను ఆపాలి. అందుకే శిలీంధ్రం దాన్ని లోపలికి తీసుకుంటేనే స్ప్రే పనిచేస్తుంది. 2021 నాటి పరీక్షల్లో రైజోక్టోనియా సొలానీ బాగా తీసుకుంది. వరికి పొడ తెగులు తెచ్చేది అదే. కొల్లెటోట్రైకమ్ గ్లియోస్పోరియాయిడ్స్ మాత్రం అసలు ముట్టుకోలేదు. మిర్చి కాయకుళ్లు తెచ్చేవి ఆ కొల్లెటోట్రైకమ్ జాతి శిలీంధ్రాలే. కాబట్టి ఇప్పట్లో ఆశ పెట్టుకోకండి.

నల్లరేగడి: ఇక్కడే వెసికిల్స్ పనికొస్తాయి. జిన్ ల్యాబే ఆర్‌ఎన్‌ఏను కృత్రిమ కొవ్వు సంచుల్లో పెట్టి బోట్రైటిస్ మీద కొడితే, ఉత్త ఆర్‌ఎన్‌ఏ కంటే పండ్ల మీద రక్షణ ఎక్కువ రోజులు నిలిచింది.

సెంట్రిఫ్యూజ్ బాబాయ్: మనం చేసిన సంచి పనిచేస్తే శిలీంధ్రం చేసిన సంచీ అదే పని చేస్తున్నట్టా? మందుగా వాడుకోండి, సాక్ష్యంగా వాడకండి. తెగులు సోకిన ఆకులోంచే శిలీంధ్ర వెసికిల్స్ తీసి, సాంద్రతను బట్టి విడగొట్టి, ట్రిప్సిన్, ఆర్‌ఎన్‌ఏ ఎంజైమ్ రెండూ వేశాక కూడా లోపల ఆర్‌ఎన్‌ఏ మిగిలిందని చూపిస్తే ఆయుధమని ఒప్పుకుంటా.

మొలక22: సోకిన ఆకులో మొక్క వెసికిల్సూ, శిలీంధ్రం వెసికిల్సూ కలిసిపోయి ఉంటాయి బాబాయ్ గారూ. ఏది ఎవరిదో ఎలా విడదీస్తారు?