తొక్కుడు లడ్డులో ఉన్నది ఏ తొక్కుడు?

బందరు వెళ్లొచ్చిన మిత్రుడొకాయన మొన్న ఇంటికొచ్చి లడ్ల పొట్లం చేతిలో పెట్టాడు. ‘‘తొక్కుడు లడ్లా?’’ అని సంబరపడ్డాను. వెంట వచ్చిన వాళ్లమ్మాయి ముఖం చిట్లించి, ‘‘కాళ్లతో తొక్కుతారా అంకుల్?’’ అంది. పదో తరగతి పిల్ల, తెలుగు చక్కగా చదువుతుంది. తనకు తెలిసిన తొక్కుళ్లు సైకిల్ తొక్కడం, తొక్కుడుబిళ్ల, తొక్కిసలాట. రోకలితో తొక్కడం ఎప్పుడూ చూడలేదు. చూడటానికి ఇంట్లో రోలుంటే కదా!

నేను చూశాను. మా మేనమామ పెళ్లికి పెరట్లో లడ్లు చేయించారు. శనగపిండి ముద్దను గొట్టంలో పెట్టి కాగే నేతిలోకి పూసలా ఒత్తారు. వేగిన పూసను రోట్లో పోసి రోకలి వేస్తే కరకరా విరిగి పొడి పైకి లేచింది. దాన్ని జల్లించి, పలుకులు మిగిలితే మళ్లీ రోట్లో వేశారు. అంతవరకు అది దంచడమే. ఆ తర్వాత బెల్లం పాకం పోశారు, నెయ్యి కొద్దికొద్దిగా వేస్తూ వచ్చారు. అప్పుడు చప్పుడు మారిపోయింది. రోకలి మెత్తగా దిగుతోంది గానీ పైకి లేవనంటోంది, ముద్ద దాన్ని పట్టుకుని వదలదు. ఒకాయన పోటు వేస్తుంటే ఇంకొకాయన చేతికి నెయ్యి రాసుకుని అంచున ఉన్నదాన్ని మధ్యకు తోస్తున్నాడు. చివరికి ముద్ద నున్నగా మెరిసింది. యాలకుల పొడి, జీడిపప్పు, పటికబెల్లం పలుకులు కలిపి ఉండలు కట్టారు. ఆ రెండో విడత పనిని ఆ రోజు అక్కడున్న వాళ్లంతా ‘తొక్కడం’ అనే అన్నారు. ‘‘ఇంకో నాలుగు పోట్లు తొక్కు, నెయ్యి పైకి రాలేదు’’ అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

నాకు తోచింది చెబుతాను, తప్పయితే దిద్దండి. దంచితే పొడి అవుతుంది: కారం దంచుతాం, పసుపు దంచుతాం. నూరడంలో రాపిడి ఉంది: పచ్చడి నూరుతాం, కత్తి కూడా నూరుతాం. రుబ్బాలంటే తడి కావాలి, పొత్రం తిరగాలి: పప్పు రుబ్బుతాం. తొక్కడంలో బరువు పైనుంచి దిగి, కింద ఉన్నది ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్ద కావాలి. గోడకు మట్టి తొక్కినా అంతే, రోట్లో లడ్డు పిండి తొక్కినా అంతే. కాలా రోకలా అన్నది తర్వాతి సంగతి.

‘దంపుడు బియ్యం’ అని గొప్పగా చెప్పుకుంటాం. తొక్కుడు లడ్డు సరిగ్గా అదే అచ్చులో పోసిన మాట. మరి దీన్ని పలకడానికి మొహమాటం ఎందుకు? ‘తొక్క’, ‘తొక్కలో’ అంటూ సినిమాల్లో, కాలేజీల్లో తిరిగే విసుపు మాట దీనికి అంటుకుందేమో అని నా అనుమానం. పండు తొక్కకూ ఈ లడ్డుకూ ఏ సంబంధమూ లేదు.

మీ మీ ఊళ్లలో ‘తొక్కు’ ఎలా వాడతారో చెప్పండి.

*

సిద్దిపేట నుంచి ఒక అన్న:

గీ మాటకు ఇంత చర్చ దేనికన్నా! మా దిక్కు తినుడు, పండుడు, పోవుడు, వచ్చుడు, ప్రతి పనికీ ‘డు’ చేరుస్తం. తొక్కుడు అంటే తొక్కే పని. మాకైతే తొక్కు అంటే ముందుగాల యాదికొచ్చేది తిండే. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, ఉసిరికాయ తొక్కు, టమాట తొక్కు, పుంటికూర తొక్కు. ఇంట్ల కూర లేకుంటే ‘తొక్కేసుకొని ఇంత తిను’ అంటది మా అమ్మ. ఒక్క ముచ్చట మాత్రం మీ లెక్కకు కుదరది. మామిడికాయను ముక్కలు కొట్టి కారం, ఉప్పు, ఆవపిండి పట్టిచ్చి జాడీల పెట్టినా మేం తొక్కే అంటం. అండ్ల తొక్కింది ఏం లేదు. మరి దానికేమంటరు?

*

చెన్నైలో స్థిరపడిన ఒక సోదరి:

ఇక్కడ తమిళంలో కూడా ‘తొక్కు’ ఉందండి. మామిడికాయ తొక్కు, టమాటా తొక్కు అంటారు. మామిడికాయ తురిమి నూనెలో దగ్గరపడేదాకా ఉడికిస్తారు, రోలు ఊసే లేదు. కన్నడంలోనూ ఊరగాయల్లో తొక్కు ఉంది. సిద్దిపేట అన్నగారు చెప్పినట్టు, రోకలి పోయినా పేరు మిగిలిన చోట్లు చాలానే ఉన్నట్టున్నాయి.

*

మొదట రాసిన నేను:

సిద్దిపేట అన్నా, మంచి చోట పట్టుకున్నారు. ఒకప్పుడు తొక్కి పెట్టినవాటి పేరే క్రమంగా జాడీలో ఉండే వాటన్నిటికీ పాకి ఉంటుందని నా ఊహ. ‘పచ్చడి’ కూడా మా వైపు అలాగే పాకింది. పచ్చివాటితో చేసినదానికీ పచ్చడే, వేయించి నూరినదానికీ పచ్చడే, ఏడాది నిలవ ఉండే ఆవకాయను కూడా కొందరు పచ్చడే అంటారు.

మా కోస్తాలో కూడా ఒక తొక్కు అచ్చంగా తొక్కుగానే మిగిలింది. సంక్రాంతి ముందు లేత గింజ పట్టిన చింతకాయలు వస్తాయి కదా, వాటిని ఉప్పు, పసుపు వేసి రోట్లో తొక్కి జాడీకెత్తుతారు. మూడో రోజు తీసి పీచు, గింజలు ఏరి మళ్లీ తొక్కుతారు. అది పచ్చడి కాదు, పచ్చడికి పెట్టుబడి. కావలసినప్పుడు ఒక ముద్ద తీసి, పండుమిర్చో ఎండుమిర్చో కలిపి నూరి, ఇంగువ పోపు పెట్టుకుంటే అప్పుడు చింతకాయ పచ్చడి. తొక్కేది ఒక్కసారి, నూరేది ఏడాదంతా. మా అమ్మ ఈ రెండు మాటల్ని ఒక్కనాడూ కలిపేయలేదు.

*

గుంటూరు జిల్లా రైతు ఒకరు:

మట్టి తొక్కడం గురించి రాశారు, బాగుంది. కానీ కళ్లంలో పనలు పరిచి పశువులతో తొక్కించేవాళ్లం. అక్కడ ముద్ద కాదు గదండీ, గింజ విడిపోయేది. కలిసిపోవడమే తొక్కడమైతే ఇదెట్లా?

*

నేను:

ఒప్పుకున్నానండీ. కళ్లం నాకు తట్టలేదు. అయితే ‘కలిసిపోవడం’ అన్నది తీసేసి ‘బరువుతో అదమడం’ వరకే ఉంచుకుందాం. కింద ఉన్నది ఎండుగడ్డి అయితే గింజ రాలుతుంది, బెల్లం, నెయ్యి పట్టిన పిండి అయితే ముద్ద అవుతుంది. దంచడంలో దెబ్బ ముఖ్యం, తొక్కడంలో ఒత్తిడి ముఖ్యం. ఇంతకుముందు రాసినదానికన్నా ఇదే గట్టిగా నిలుస్తుంది.

*

బందరు నుంచి ఒక పెద్దాయన:

బాబూ, మా ఊరి లడ్డు మీద ఇంత శ్రద్ధ చూసి సంతోషమైంది. బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చిన బొందిలీల కుటుంబాలు ఈ మిఠాయిని ఇక్కడికి తెచ్చాయని మా ఊళ్లో చెప్పుకుంటారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ‘బందరు లడ్డు’ పేరు మీద వచ్చింది. మా ఇళ్లలో మాత్రం తొక్కుడు లడ్డనే అంటాం. ఊళ్లో ఉన్నవాడు బందరు లడ్డు అనడు గదా, బయటివాడికే ఊరి పేరు కావాలి.

ఎవరైనా వస్తే ఒక మాట. విజయవాడ నుంచి సుమారు 70 కిలోమీటర్లు, పొద్దున్నే బయల్దేరండి. లడ్డు కొరకొద్దు, వేళ్లతో చిదమండి. సరిగా తొక్కిన లడ్డు ఇట్టే విడిపోతుంది, వేళ్లకు నెయ్యి అంటుతుంది గానీ పిండి అంటదు. నోట్లో పంటికి పని ఉండకూడదు. పలుకు తగిలితే అది పటికబెల్లమో జీడిపప్పో అయి ఉండాలి. శనగపిండి పలుకు తగిలిందా, తొక్కుడు చాల్లేదన్నమాట. పక్కనే బందరు హల్వా కూడా అడగండి. గోధుమపాలతో చేస్తారు, బెల్లం వేసింది నల్లగా ఉంటుంది.

*

నేను:

అయ్యా, నమస్కారం. మిఠాయి ఉత్తరాది నుంచి వచ్చినా పేరు మాత్రం మన రోటి దగ్గరే పుట్టిందని మీ మాటతో నాకు రూఢి అయింది. లడ్డు వాళ్లది, తొక్కుడు మనది.

తాపేశ్వరం మడత కాజా, ఆత్రేయపురం పూతరేకు కూడా ఇలాంటివే. మడత పెడతారు కాబట్టి మడత కాజా. వేడి కుండ మీద పల్చటి బియ్యప్పిండి నీళ్లు పూత పూస్తే వచ్చే రేకు కాబట్టి పూతరేకు. తెలంగాణలో సర్వపిండి, గిన్నెప్ప, మా వైపు తపాలచెక్క దారి వేరు, అవి గిన్నెల పేర్లు మోస్తున్నాయి. ప్రయాణాల్లో ఎక్కడ కొత్త తిండి కనబడినా ‘ఇది ఏమిటి’ అని అడిగాక ‘ఆ పేరెందుకు’ అని కూడా అడగండి. వండేవాళ్లు పొయ్యి దగ్గరికి పిలిచి మరీ చూపిస్తారు. నాకు రెండు మూడు చోట్ల అలా జరిగింది.

పొట్లం తెచ్చిన మిత్రుడి అమ్మాయికి ఈ చర్చంతా చదివి వినిపించాను. ‘‘అయితే తొక్కుడుబిళ్లలో బిళ్లని కూడా అదుముతామా?’’ అని అడిగింది. జవాబు ఆలోచిస్తున్నాను. ఈలోగా ఎవరైనా చెప్పండి: చింతకాయను మూడో రోజు మళ్లీ తొక్కే పనికి మీ ఇంట్లో విడిగా పేరు ఉందా? మా అమ్మ ‘తిరగదొక్కడం’ అనేది. నిఘంటువుల్లో దొరికే మాటలు సరే, ఇలాంటివి పెద్దవాళ్లున్నప్పుడే రాసి పెట్టుకోవాలి.

*

సిద్దిపేట అన్న:

మా అమ్మ పక్కనే ఉన్నది, అడిగిన. ‘రెండో తొక్కుడు’ అంటదట. పీచు మాత్రం చేతితోనే తియ్యాలె, జల్లెడ పట్టద్దు అని చెప్పుమన్నది.