రాజకీయ హింసను దెయ్యం కథలుగా రాసినవాళ్ళు ఇంకెవరున్నారు?

అందరికీ నమస్కారం. హారర్ కథల్లో రాజకీయ హింస ఎలా కనిపిస్తుందన్న దాని మీద ఒక వ్యాసం రాస్తూ మధ్యలో ఆగిపోయాను. కాస్త సాయం కావాలి.

ఈ ఆలోచన ఇరాక్ రచయిత అహ్మద్ సాదావీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్ ఇన్ బాగ్దాద్' చదివాక మొదలైంది. 2013లో అరబిక్‌లో వచ్చింది. పాత సామాన్లు కొనే హాదీ, బాంబు పేలుళ్ళలో చెల్లాచెదురైన శరీర భాగాలను ఏరి తెచ్చి ఒకే దేహంగా కుడతాడు. అవి చెత్తలో కలిసిపోకూడదని, ఒక మనిషికి జరిగినట్టే ఖననం జరగాలని అతని తాపత్రయం. ముక్కు ఒక్కటే తక్కువైతే అదీ తెచ్చి కుడతాడు. తర్వాత ఆ దేహం లేచి పగ తీర్చుకుంటుంది, కానీ నాకు ఒళ్ళు జలదరించింది మాత్రం ఆ ముక్కు దగ్గరే.

అర్జెంటీనాలో 1976 నుంచి 1983 దాకా సైనిక పాలన. వేలమందిని ఎత్తుకెళ్ళి మాయం చేశారు. అక్కడి రచయిత్రి మరియానా ఎన్రీకెజ్ కథల్లోని దెయ్యాల వెనక ఆ చరిత్ర ఉంది. శవం దొరకని చోట దెయ్యం కథ పుట్టడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది.

ఇంతకీ నా ప్రశ్నలు. అంతర్యుద్ధమో నియంతృత్వమో నేపథ్యంగా ఉన్న ఇలాంటి కథలు ఇంకేవి చదవాలి? ముఖ్యంగా ఆఫ్రికా దేశాలవి, ఇంగ్లీషు అనువాదాలైనా ఫర్వాలేదు. ఇంకొకటి, నిజంగా చనిపోయినవాళ్ళ బాధను భయం కోసం వాడుకోవడానికీ, ఆ బాధకు సాక్ష్యం చెప్పడానికీ తేడా మీరెలా పోల్చుకుంటారు? నేను ఆగిపోయింది సరిగ్గా అక్కడే.