అప్‌డేట్: పీఎస్3లో పీఎస్2 డిస్కులు ఎందుకు నడవలేదో తేలింది

సెకండ్ హ్యాండ్‌లో కొన్న పీఎస్3లో (సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 3 గేమింగ్ మెషిన్) మా అన్నయ్య పాత పీఎస్2 (ప్లేస్టేషన్ 2) గేమ్ డిస్కులు ఒక్కటీ నడవట్లేదని పోయిన వారం అడిగాను కదా. డిస్కు చదివే లెన్స్ పోయిందేమోనని ఒకటే టెన్షన్. లెన్స్ బాగానే ఉంది!

ఏ మోడలో తెలియడానికి ముందువైపు యూఎస్‌బీ పోర్టులు లెక్కపెట్టమని మీలో ఒకరన్నారు. రెండే ఉన్నాయి. కింద స్టిక్కర్ మీది నంబరు వెతికితే 40 జీబీ మోడల్ అని తేలింది. 2006లో అమెరికా, జపాన్‌లలో వచ్చిన మొదటి పీఎస్3ల్లో పీఎస్2 తాలూకు ఎమోషన్ ఇంజిన్ (ప్రాసెసర్), గ్రాఫిక్స్ సింథసైజర్ (బొమ్మలు గీసేది) చిప్పులు నిజంగానే పెట్టారట. డబ్బాలో ఇంకో డబ్బా అన్నమాట. 2007లో యూరప్‌కి పంపినప్పుడు ఎమోషన్ ఇంజిన్ తీసేసి ఆ పని సాఫ్ట్‌వేర్‌కి అప్పగించారు. 40 జీబీ వచ్చేసరికి రెండో చిప్పూ లేదు, అందుకే పీఎస్2 డిస్కులు నడవలేదు. ఖర్చు తగ్గించుకోవడానికే, ఇంకేముంది.

విచిత్రమేంటంటే, అన్నయ్య డిస్కుల పెట్టెలోనే దొరికిన పీఎస్1 డిస్కు పెట్టగానే ఆడింది. దానికి అన్ని పీఎస్3ల్లోనూ సాఫ్ట్‌వేర్ ఎమ్యులేషన్ (పాత మెషిన్‌ని సాఫ్ట్‌వేర్‌తోనే అనుకరించడం) ఉందట. సేవ్ చేయడానికి మాత్రం హార్డ్ డిస్కులో ఉత్తుత్తి మెమరీ కార్డు ఒకటి సృష్టించుకోవాలి.

పీఎస్2 డిస్కుల కోసం అటక మీంచి పాత పీఎస్2నే దించాం. టీవీకి బొమ్మ అందించే పసుపు వైరు ఇంకా వెతుకుతున్నాం.